రోగులు లేని ఆసుపత్రి



ప్రభుత్వ పాలన గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఎంచుకున్నది ఒక టీవీ హాస్య ధారావాహిక. తేలిక విషయం ఎంచుకున్నానని ఎవరూ అనుకోవద్దు. మంత్రికీ అధికారికీ మధ్య, మూసిన తలుపుల వెనక ఏం జరుగుతుందో వివరించే పాఠ్యపుస్తకాలు చాలా చదివాను, పిల్లలచేత చదివించాను. బ్రిటిష్ బీబీసీ వారి ‘యస్ మినిస్టర్’ చెప్పినంత నిజం వాటిలో ఒక్కటీ చెప్పలేదు. అది చెప్పిన నిజం ఏమిటో, చెప్పకుండా వదిలేసింది ఏమిటో ఈ సాయంత్రం మీతో పంచుకుంటాను.

కథ ఒక కోర్టు కేసు దగ్గర మొదలవుతుంది. రిచర్డ్ క్రాస్‌మన్ అనే లేబర్ నాయకుడు 1964లో హెరాల్డ్ విల్సన్ మంత్రివర్గంలో చేరి గృహనిర్మాణ, స్థానిక పాలన శాఖ తీసుకున్నారు. మంత్రిగా ఉన్న ఆరేళ్లూ డైరీ నడిపారు. ఏ కమిటీలో ఎవరు ఏమన్నారో, ఏ అధికారి ఏ కాగితాన్ని ఎక్కడ ఆపాడో దాచుకోకుండా చెప్పి రాయించారు. 1974లో ఆయన చనిపోయాక ఆ డైరీలు పుస్తకంగా రాబోతుంటే ప్రభుత్వం కోర్టుకెళ్లింది. మంత్రివర్గ చర్చలు, అధికారుల సలహాలు వీధిన పడితే రేపు ఎవరూ మనసు విప్పి మాట్లాడరన్నది వాదన. అప్పటి కేబినెట్ సెక్రటరీ సర్ జాన్ హంట్ ఆ వాదనకు పెద్ద దిక్కుగా నిలిచారు. 1975లో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ విడ్జరీ, పదేళ్ల నాటి సంగతులు బయటపడినంత మాత్రాన ఇప్పటి పాలనకు నష్టం లేదని చెప్పి ప్రచురణకు దారి వదిలారు. క్రాస్‌మన్‌తో రోజూ తలపడిన శాఖాధిపతి ఎవరంటే డేమ్ ఎవెలిన్ షార్ప్, బ్రిటన్‌లో పర్మనెంట్ సెక్రటరీ అయిన మొదటి మహిళ. టీవీలో మనం చూసే సూటు వేసుకున్న సర్ హంఫ్రీ వెనక నిజ జీవితంలో ఒక స్త్రీ కూడా ఉన్నదని చాలామందికి తెలియదు.

ఆ డైరీలు ఆంటనీ జే, జొనాథన్ లిన్ అనే ఇద్దరు రచయితలకు బంగారు గనిలా దొరికాయి. జే బీబీసీలో పనిచేసి బయటికొచ్చిన మనిషి, నిర్వహణ శాస్త్రం మీద పుస్తకాలు రాసినవాడు. లిన్ కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివి నటుడైనవాడు. డైరీలతో ఆగకుండా ప్రధాని కార్యాలయంలో పనిచేసిన మార్సియా విలియమ్స్, బెర్నార్డ్ డోనహ్యూ లాంటి వాళ్లను కలిసి లోపలి సంగతులు రాబట్టారు. 1979 ఎన్నికలు అయ్యేదాకా బీబీసీ ఆ ధారావాహికను బయటపెట్టలేదు. 1980 ఫిబ్రవరి 25న బీబీసీ 2లో మొదటి భాగం వచ్చింది. 1984 క్రిస్మస్‌కు వచ్చిన ప్రత్యేక భాగంతో మంత్రి ప్రధాని అయ్యాడు. ‘యస్, ప్రైమ్ మినిస్టర్’ 1988లో ముగిసింది. మొత్తం 38 భాగాలు, అంతే.

ఎందుకు గుర్తుండిపోయింది? ముందుగా, దానిలో ఏ పార్టీ పేరూ లేదు. జిమ్ హ్యాకర్ ఏ పార్టీ మంత్రో చివరిదాకా తెలియదు. ఆయన శాఖ ‘పరిపాలనా వ్యవహారాల శాఖ’ కూడా కల్పితమే. అందువల్ల ఎవరూ ఇది ఎదుటి పార్టీ గురించిందని తప్పించుకోలేకపోయారు. పాత్రలు ముఖ్యంగా మూడు. పాల్ ఎడింగ్టన్ వేసిన హ్యాకర్‌కు మంచి చేయాలని ఉంటుంది, దానికంటే మంచి చేసినట్టు పేపర్లో రావాలని ఎక్కువ ఉంటుంది. నైజెల్ హాథార్న్ వేసిన సర్ హంఫ్రీ ఆపిల్‌బీ శాఖకు పర్మనెంట్ సెక్రటరీ. మంత్రులు వస్తారు, పోతారు, శాఖ మాత్రం తనదేనన్నది ఆయన నమ్మకం. ఊపిరి తిప్పుకోకుండా ఆయన పలికే ఆ పొడవాటి వాక్యాల పని విషయం చెప్పడం కాదు, వినేవాడు విషయాన్ని వదిలేసి పోయేలా చేయడం. అలాంటి వాక్యాన్ని తడబడకుండా, ఒక్కొక్క ఉపవాక్యానికీ వేరే బరువిచ్చి పలికిన హాథార్న్‌కు ఆ పాత్ర మీద నాలుగు బాఫ్టా అవార్డులు వచ్చాయంటే న్యాయమే. మూడో మనిషి డెరెక్ ఫౌల్డ్స్ వేసిన బెర్నార్డ్ వూలీ, మంత్రి ప్రైవేట్ సెక్రటరీ. మన భాషలో చెప్పాలంటే పేషీలో పీఎస్. రోజూ పని చేయాల్సింది మంత్రికి, ప్రమోషన్ ఇవ్వాల్సింది హంఫ్రీ. ఇతని గురించి తర్వాత మాట్లాడతాను. నా దృష్టిలో మొత్తం కథలో నైతికమైన బరువు మోసేది ఇతనే.

మొదటి భాగం పేరే ‘బహిరంగ ప్రభుత్వం’. ప్రజలకు ఏదీ దాచబోమన్న హామీతో హ్యాకర్ గెలిచి వస్తాడు. వచ్చీ రాగానే ఒక కొనుగోలు కాగితం బయటపడుతుంది. శాఖ వెయ్యి కంప్యూటర్ టెర్మినళ్లను అమెరికా నుంచి కొంటోంది. స్వదేశంలో తయారయ్యేవి ఉండగా పరాయి దేశానికి డబ్బెందుకని హ్యాకర్ ఘాటైన ప్రసంగం రాసుకుంటాడు, పత్రికలకు పంపమంటాడు. అదే సమయంలో ప్రధాని అమెరికాతో వాణిజ్య ఒప్పందానికి సిద్ధమవుతున్నారని తర్వాత తెలుస్తుంది. అప్పుడు ఆ ప్రసంగాన్ని ఆపండి, దాచండి అని వేడుకునేది ఎవరు? పారదర్శకత హామీ ఇచ్చిన మంత్రే. హంఫ్రీ దాన్ని ముందే ఆపి ఉంచాడు. ఇంత సంపూర్ణంగా కట్టిన మొదటి అంకాలు నాటక సాహిత్యంలో తక్కువ. రహస్యం అధికారి మంత్రిపై రుద్దేదని అనుకుంటాం. కాదు, మంత్రి కూడా దాన్ని కోరుకుంటాడని ఆ అరగంట నిరూపించింది. ఇరవై ఏళ్ల తర్వాత టోనీ బ్లెయిర్ ప్రభుత్వం నిజంగానే 2000లో సమాచార స్వేచ్ఛ చట్టం తెచ్చింది, 2005లో అమల్లోకి వచ్చింది. 2010లో వెలువడిన ఆత్మకథలో బ్లెయిర్ ఆ చట్టం తెచ్చినందుకు తనను తాను తిట్టుకున్నారు. జే, లిన్ 1980లో చూపించిన సన్నివేశమే ఆయన జీవితంలో జరిగింది.

ఇంకో భాగంలో ఒక రసాయన కర్మాగారం మీద శాస్త్రవేత్త నివేదిక ఇస్తాడు. అది బయటికి రాకుండా చూడటమెలాగో హంఫ్రీ మెట్లు మెట్లుగా నేర్పిస్తాడు. మొదట ప్రజాప్రయోజనం పేరు చెప్పి ప్రచురణ ఆపాలి. తర్వాత ఆధారాలు చాలవనాలి. ఆ తర్వాత సిఫార్సులు ఆచరణలో నిలవవనాలి. చివరికి రాసినవాడి అర్హత మీదే అనుమానం రేపాలి. మన సచివాలయాల్లో పనిచేసినవాళ్లు ఈ మెట్లలో ఏదీ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. కొర్రీ వేయడం, మరిన్ని వివరాలతో మళ్లీ పుటప్ చేయమనడం, పక్క శాఖ అభిప్రాయం కోరడం, చివరికి కమిటీ వేయడం అన్నీ ఆ కుటుంబంలోవే. నివేదికను బుట్టదాఖలు చేసినవాడి సంతకం ఎక్కడా ఉండదు. అందరూ తమ వంతు న్యాయంగానే చేశారు, ఫలితం మాత్రం అన్యాయమైంది.

ఇక ఆసుపత్రి దగ్గరికి వస్తాను. 1981లో వచ్చిన రెండో సిరీస్ మొదటి భాగం అది. సెయింట్ ఎడ్వర్డ్స్ అనే కొత్త ఆసుపత్రి కట్టి చాలా నెలలైంది. అయిదు వందల మంది దాకా సిబ్బంది ఉన్నారు. గుమాస్తాలు, లెక్కలవాళ్లు, సిబ్బంది వ్యవహారాల విభాగం, వంటవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, అందరూ తీరిక లేకుండా పనిలో ఉన్నారు. డాక్టర్లు లేరు, రోగులు లేరు. ఆ ప్రాంతంలో అతి పరిశుభ్రమైన ఆసుపత్రిగా అవార్డు పోటీలో కూడా ఉంది. హ్యాకర్ మండిపడతాడు. హంఫ్రీ అతి ప్రశాంతంగా జవాబిస్తాడు. రోగులు వచ్చినా రాకపోయినా జీతాల లెక్క ఆగదు, పరికరాల నిర్వహణ ఆగదు, వచ్చే ఏటి బడ్జెట్ తయారీ ఆగదు. కాబట్టి పని ఉంది. పని ఉంది కాబట్టి సిబ్బంది అవసరం. ప్రతి మాటా తర్కబద్ధమే. మంత్రి కూడా ఒక దశలో ఆ తర్కంలో దారి తప్పుతాడు.

ఆ భాగాన్ని ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది, నవ్వు ఆగాక దిగులేస్తుంది. ఎందుకంటే అది ఒక్క ఆసుపత్రి కథ కాదు, మొత్తం ధారావాహిక స్వరూపం అదే. 38 భాగాల్లోనూ మంత్రి ఉన్నాడు, సెక్రటరీ ఉన్నాడు, పీఎస్ ఉన్నాడు, క్లబ్బులో మాట్లాడుకునే మిగతా సెక్రటరీలున్నారు, బ్యాంకరున్నాడు, పాత్రికేయుడున్నాడు. ఎవరి పేరు మీద ఇదంతా నడుస్తోందో ఆ పౌరుడు దాదాపు ఎక్కడా లేడు. రోగి లోపలికి రాడు. ఇది రచయితల పొరపాటు కాదని నా నమ్మకం. వాళ్లు చూపించిన గదిలో నిజంగానే ప్రజ లేదు. ఉన్నట్టు రాసి ఉంటే అబద్ధమయ్యేది. ఇంకొక సంగతి గమనించండి. ఈ భాగాలను స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి చిత్రీకరించారు. హంఫ్రీ వాక్యం పూర్తవగానే వినిపించే నవ్వు వాళ్లది. ప్రజలు ఆ నాటకంలో పాత్రగా లేరు, అవతలి వైపు కుర్చీల్లో నవ్వుతూ మాత్రం వినిపిస్తారు.

హంఫ్రీ పక్షాన కూడా మాట్లాడాలి. మాట్లాడకపోతే ఆ ధారావాహికకు అన్యాయం చేసినట్టే. మూడో సిరీస్‌లో బ్రిటిష్ ఆయుధాలు ఇటలీ తీవ్రవాదుల చేతికి చేరాయని హ్యాకర్‌కు తెలుస్తుంది. మంత్రిగా ఏదైనా చేయాలనుకుంటాడు. హంఫ్రీ అడ్డుకుంటాడు. నీకు మంచిచెడ్డల పట్టింపు లేదా అని మంత్రి నిలదీస్తే, ముప్ఫై ఏళ్లలో పదకొండు ప్రభుత్వాలకు సేవ చేశానని, వాటన్నిటి విధానాలనూ మనసారా నమ్మి ఉంటే ఈపాటికి పిచ్చెక్కేదని అర్థం వచ్చేలా జవాబిస్తాడు. అతను చెప్పే ఉక్కు ఉదాహరణ కల్పన కాదు. బ్రిటన్‌లో ఉక్కు పరిశ్రమ 1951లో జాతీయమైంది, 1953లో ప్రైవేటుకు పోయింది, 1967లో మళ్లీ జాతీయమైంది. మూడు సార్లూ ఫైళ్లు కదిపింది ఒకే యంత్రాంగం. ఐరోపా సంగతీ అంతే. 1973లో చేరడానికి చట్టాలు రాసిన యంత్రాంగమే, 2016 రెఫరెండం తర్వాత బయటికి రావడానికి చట్టాలు రాసింది. ఎన్నికల్లో గెలిచినవాడి మాట నెగ్గాలంటే తన నమ్మకాన్ని పక్కనపెట్టి పనిచేసే మనిషి ఎవరో ఒకరుండాలి. ఆ మనిషి గుండె రాయి అయిపోవడం దానికి చెల్లించే మూల్యమని ఆ సన్నివేశం చెబుతుంది. దానికి తేలికైన పరిష్కారం ఏదీ చూపించదు.

హంఫ్రీ లేకపోతే ఏమవుతుందో 2022లో చూశాం. లిజ్ ట్రస్ ప్రధాని అయిన రెండు రోజులకే, సెప్టెంబర్ 8న, ట్రెజరీ పర్మనెంట్ సెక్రటరీ సర్ టామ్ స్కాలర్‌ను తొలగించారు. పాత ఆలోచనల నుంచి బయటపడటానికన్నారు. సెప్టెంబర్ 23న, స్వతంత్ర బడ్జెట్ కార్యాలయం అంచనాలు లేకుండానే భారీ పన్ను కోతలు ప్రకటించారు. పౌండు పడిపోయింది. పింఛను నిధులు కూలిపోకుండా అయిదు రోజుల్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగి ప్రభుత్వ బాండ్లు కొనాల్సి వచ్చింది. అక్టోబర్ 20న ట్రస్ రాజీనామా ప్రకటించారు. కొన్నిసార్లు మంత్రికి వద్దు అని చెప్పే గొంతు గదిలో ఉండటం దేశానికి అవసరం. దాన్ని ఒప్పుకోకుండా అధికారులందరినీ తిట్టడం నాకు నచ్చదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, ఆ ధారావాహికను అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్. 1984 జనవరిలో ఒక అవార్డు సభలో ఆమె స్వయంగా ప్రధాని పాత్ర వేసి, హ్యాకర్, హంఫ్రీ పాత్రధారులతో కలిసి చిన్న నాటిక ఆడారు. ఆర్థికవేత్తలను రద్దు చేయాలని ఆమె ఆదేశించడం అందులో కథ. నటులిద్దరికీ అది అంతగా రుచించలేదు. అవార్డు అందుకుంటూ లిన్, హాస్య ధారావాహికల రంగంలో ప్రధానికి దక్కాల్సిన స్థానం చివరికి దక్కిందని ఆమెకు ధన్యవాదాలు చెప్పారు. కానీ ఆమె మెప్పు వెనక ఒక సిద్ధాంతం ఉంది. 1971లో విలియం నిస్కానెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, అధికారులు ప్రజాసేవ కోసం కాక తమ శాఖ బడ్జెట్ పెంచుకోవడం కోసం పనిచేస్తారని రాశారు. జే ఆ ఆలోచనా ధోరణిని బాహాటంగానే నమ్మారు. 1979లో 7,32,000 మంది ఉన్న బ్రిటిష్ సివిల్ సర్వీసు 1990 నాటికి 6 లక్షల లోపుకు తగ్గింది. శాఖల పనులు ఏజెన్సీలకు పోయాయి. జనం హంఫ్రీని చూసి నవ్వినంతసేపు నవ్వి, ఆ కోతలకు అభ్యంతరం చెప్పడం మరిచారన్న విమర్శ ఉంది. అందులో కొంత నిజముంది. జే రోగాన్ని సరిగ్గా పట్టారు. మందు దగ్గర మాత్రం ఆయనతో నేను ఏకీభవించను. రోగులు లేని ఆసుపత్రికి మందు ఆసుపత్రిని అమ్మేయడం కాదు, రోగిని లోపలికి తీసుకురావడం.

బెర్నార్డ్ దగ్గరికి తిరిగి వస్తాను. అతను ఎవరికి విధేయుడు? 1984లో బ్రిటిష్ రక్షణ శాఖలో క్లైవ్ పాంటింగ్ అనే అధికారికి ఇదే ప్రశ్న ఎదురైంది. 1982 ఫాక్లండ్స్ యుద్ధంలో అర్జెంటీనా నౌక జనరల్ బెల్‌గ్రానోను బ్రిటిష్ జలాంతర్గామి ముంచేసింది, 323 మంది చనిపోయారు. ఆ సంగతిలో మంత్రులు పార్లమెంటును తప్పుదోవ పట్టిస్తున్నారని భావించి పాంటింగ్ రెండు పత్రాలను టామ్ డాల్యెల్ అనే ఎంపీకి పంపారు. రహస్యాల చట్టం కింద కేసు పెట్టారు. దేశ ప్రయోజనమంటే అధికారంలో ఉన్న ప్రభుత్వం చెప్పేదేనని న్యాయమూర్తి జ్యూరీకి స్పష్టంగా చెప్పారు. తప్పు జరిగిందని తీర్పివ్వడం తప్ప జ్యూరీకి దారి లేదని అందరూ అనుకున్నారు. 1985 ఫిబ్రవరిలో ఆ పన్నెండు మంది మామూలు పౌరులు ఆయన నిర్దోషి అన్నారు. వెంటనే కేబినెట్ సెక్రటరీ సర్ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్, అధికారి విధేయత ఆ నాటి ప్రభుత్వానికేనని అధికారులందరికీ నోట్ పంపారు. మరుసటి ఏడు అదే ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక గూఢచారి పుస్తకాన్ని ఆపడానికి ఆస్ట్రేలియా కోర్టుకు వెళ్లి, బోనులో నిలబడి, ఒక లేఖలో నిజాన్ని పొదుపుగా వాడానని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆయనకు అడ్డు ప్రశ్నలు వేసిన యువ న్యాయవాది మాల్కమ్ టర్న్‌బుల్ తర్వాత ఆ దేశానికి ప్రధాని అయ్యారు. ధారావాహిక ఇంకా ప్రసారమవుతున్న రోజులవి. మూసిన గదిలోకి పౌరుడు నిజంగా అడుగు పెట్టింది టీవీలో కాదు, ఆ జ్యూరీ గదిలో. అందుకే ఆ తీర్పంటే నాకు అంత గౌరవం.

తర్వాత వచ్చిన ‘ది థిక్ ఆఫ్ ఇట్’ గురించి రెండు మాటలు చాలు. 2005లో మొదలైన ఆ ధారావాహికలో అధికారి కుర్చీ దాదాపు ఖాళీ అయిపోయి, పత్రికలను అదుపు చేసే పార్టీ మనిషి మాల్కమ్ టక్కర్ చక్రం తిప్పుతాడు. నటన గొప్పది, బూతులు దండిగా ఉంటాయి. కాలం ఎటు పోయిందో అది సరిగ్గా చెప్పింది, కానీ వాదన అంటూ ఒకటి దానిలో లేదు. హ్యాకర్, హంఫ్రీ కనీసం వాదించుకునేవాళ్లు.

ఇదంతా బ్రిటన్ గొడవ, మనకేమిటని అడగవచ్చు. హంఫ్రీ కూర్చున్న కుర్చీకి పునాది వేసినది 1854 నాటి నార్త్‌కోట్, ట్రెవెల్యాన్ నివేదిక. సిఫార్సుతో కాక పరీక్షతో ఉద్యోగం, మంత్రి మారినా మారని అధికారి అన్న సూత్రాలు దాంట్లోవే. చార్లెస్ ట్రెవెల్యాన్ ఉద్యోగ జీవితం కంపెనీ కొలువులో మన దేశంలోనే మొదలైంది. ఐర్లండ్ కరువు నాటి ఆయన కాఠిన్యాన్ని చరిత్ర క్షమించలేదు, క్షమించనక్కర్లేదు. అదే మనిషి 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆయన ఏలుబడిలో ఉన్నవే. 1860లో కలకత్తాలోని ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్ను తలపెట్టారు. అది తగదని ట్రెవెల్యాన్ రాసిన అభ్యంతర పత్రాన్ని నేరుగా పత్రికలకు ఇచ్చేశారు. లండన్ ఆయనను వెనక్కి పిలిపించింది. నోరు మెదపని అధికారి అన్న ఆదర్శానికి పునాది వేసిన మనిషే ఫైలును జనం ముందు పెట్టారు, అదీ మన చెన్నపట్నం నుంచి.

2001లో స్టార్ ప్లస్‌లో ‘జీ మంత్రీజీ’ పేరుతో ‘యస్ మినిస్టర్’ హిందీలో వచ్చింది. మంత్రిగా ఫరూఖ్ షేక్, సెక్రటరీగా జయంత్ కృపలానీ. ఇద్దరూ మంచి నటులే, అయినా అసలు నాటకం పండినట్టు అది పండలేదు. కారణం భాష కాదని నా అభిప్రాయం. హ్యాకర్ హంఫ్రీని కదిలించలేడు, ఆ నిస్సహాయత మీదే బ్రిటిష్ హాస్యం నిలబడింది. మన దగ్గర, ముఖ్యంగా రాష్ట్రాల్లో, కార్యదర్శికి సాయంత్రానికల్లా బదిలీ ఉత్తర్వు రావచ్చు. నచ్చని అధికారిని శంకరగిరి మాన్యాలు పట్టించడం ఎంత తేలికో ఇక్కడున్న విశ్రాంత ఉద్యోగులకు నేను చెప్పనక్కర్లేదు. హర్యానాలో అశోక్ ఖేమ్కా ఉద్యోగ జీవితంలో 50కి పైగా బదిలీలు చూశారు. టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు విశ్రాంత అధికారులు వేసిన కేసులో 2013 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు, అధికారులకు కనీస పదవీకాలం ఉండాలనీ, నోటిమాట ఆదేశాల మీద వాళ్లు పనిచేయకూడదనీ, ఆదేశాన్ని కాగితం మీద నమోదు చేయాలనీ చెప్పింది. అలా చెప్పాల్సి వచ్చిందంటే మన సచివాలయంలో జరిగే నాటకం వేరని అర్థం. అక్కడ మంత్రికి తెలియకుండా ఫైలు నడుస్తుంది, ఇక్కడ ఫైలు మీదికి రాకుండా మంత్రి మాట నడుస్తుంది. రెండు చోట్లా బయట నిలబడ్డ మనిషికి కారణం తెలియదు.

ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి డిప్యూటీ కలెక్టరుగా రిటైరయ్యారు. ఆయన నోట్ చదివినవాళ్లు ఈ సభలో ఉన్నారు. చర్చించాం అని ఒక్క ముక్క రాసి పొడి సంతకం పెట్టే అలవాటు ఆయనకు లేదు. ఎవరితో మాట్లాడారో, వాళ్లు ఏమన్నారో, తాను ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో, అర్జీ పెట్టుకున్న రైతుకు చదివి వినిపించినా అర్థమయ్యే తెలుగులో రాసేవారు. సుప్రీంకోర్టు కోరింది అదే. కోర్టు చెప్పడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన అది చేశారు.

రోగిని లోపలికి తీసుకురావడమన్నాను. దానికి దారి చూపించింది మన దేశమే. ఐఏఎస్ వదిలి రాజస్థాన్ పల్లెలకు వెళ్లిన అరుణా రాయ్, ఆమె సహచరులు 1994లో పాలీ జిల్లా కోట్ కిరాణాలో మొదటి జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ, జరిపారు. మస్టరు రోల్‌లో ఎవరెవరి పేరున ఎంత కూలి రాశారో ఆ మనుషుల ముందే చదివారు. అక్కడి నుంచి మొదలైన ఉద్యమం 2005 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం దాకా వెళ్లింది. ఫైలు మీద అధికారులు రాసే నోటింగులు కూడా సమాచారమేనని 2006 మొదట్లోనే కేంద్ర సమాచార కమిషన్ తేల్చింది. అదే ఏడు ప్రభుత్వం నోటింగులను చట్టం నుంచి తప్పించే సవరణకు సిద్ధమై, నిరసనలు రావడంతో వెనక్కి తగ్గింది. బ్రిటన్‌లో విధాన రూపకల్పన కాగితాలకు చట్టంలోనే మినహాయింపు ఉంది. హంఫ్రీ రాసిన నోట్ అక్కడ దొరకడం కష్టం, ఇక్కడ సాధారణంగా అడిగితే ఇవ్వాలి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామ సభ చేత సామాజిక తనిఖీ జరగాలని చెప్పింది. దాన్ని కాగితం మీద వదిలేయకుండా నడిపిన మొదటి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2009లో దీనికోసమే ప్రత్యేక సొసైటీ పెట్టారు. కూలీల కుటుంబాల నుంచి వచ్చిన యువకులు ఇంటింటికీ తిరిగి మస్టర్లు సరిచూశారు. మండల స్థాయి ప్రజావేదికలో ఒక్కొక్క పేరూ చదివారు. చనిపోయినవాళ్ల పేరున, ఊళ్లో లేనివాళ్ల పేరున పడిన కూలి అలాగే బయటపడింది. పట్టుబడ్డ సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువే, అది బాధ కలిగించే నిజం. దానికంటే నన్ను బాధించేది ఇంకొకటి. ఆ వేదిక మీద నిలబడి జవాబు చెప్పింది ఎప్పుడూ ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్. మెట్టు ఎక్కేకొద్దీ ప్రశ్న ఆగిపోయింది. నిధులు ఆలస్యంగా వదిలిన సెక్రటరీ, దానికి నోటిమాటతో కారణమైన మంత్రి ప్రజావేదికకు రాలేదు. ఇక 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చింది. వ్యక్తిగత సమాచారం అనే మాట చెప్పి రేపు మస్టరులోని పేర్లే ఇవ్వబోమంటే, ఈ తనిఖీ దేనిమీద నిలబడుతుందో నాకు తెలియడం లేదు.

కాబట్టి విద్యార్థులను ఒక పని అడుగుతున్నాను. మీ ఊరికి సంబంధించిన ఒక జీఓ తీసుకోండి. మూతపడ్డ బడిది కావచ్చు, కదలని చెరువు పనిది కావచ్చు, డాక్టరు లేని ఆరోగ్య కేంద్రానిది కావచ్చు. సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ కింద పది రూపాయలు కట్టి ఆ జీఓ వెనకున్న నోట్ ఫైలు మొత్తం అడగండి. ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేయండి. ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఉందో, ఎవరు ఏ కొర్రీ వేశారో, దేనికి జవాబు రాలేదో తేదీల వారీగా రాసి పెట్టండి. నిర్వాహకులకు నా కోరిక ఏమిటంటే, వచ్చే ఏడు ఇదే సభలో ఉపన్యాసం మొదలయ్యే ముందు, ఒక విద్యార్థి తెచ్చిన నోట్ ఫైలును ఆ ఊరివాళ్ల ఎదుట పూర్తిగా చదివించాలి. ఆ శాఖ అధికారికి ముందుగానే ఆహ్వానం పంపించాలి.